తీసిపెట్టే పళ్ళు

పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి వెళ్ళిన శక్తికి ముందుగా ఎదురయ్యేవి నాయన పళ్ళు. కుళాయి పక్కన గట్టు మీద, స్టీలు గ్లాసులో, నిన్నటి నీళ్ళలో మునిగి ఉంటాయి. పై వరస ఒకటి, కింది వరస ఒకటి, గులాబీ రంగు ప్లాస్టిక్ చిగుళ్ళతో సహా. నీళ్ళ మీద జిడ్డు తేలుతుంటుంది. అంగిలికి ఆనే చోట రాత్రి తిన్న రాగి సంగటి ఇరుక్కుని, నాని, ఉబ్బి, బూడిద రంగు పొరలుగా విడిపోతుంటుంది. ఆ గ్లాసు వైపు చూడకూడదని రోజూ అనుకుంటాడు. రోజూ చూస్తాడు. చూసి, బ్రష్షు నోట్లో పెట్టుకోబుద్ధి కాక అలాగే నిలబడిపోతాడు.

హోసూరు పక్కన మూకండపల్లిలో వాళ్ళుండేది రెండు గదుల అద్దె ఇల్లు. తల్లి కాళమ్మ పోయాక తండ్రి హనుమంతప్పను శక్తి పల్లె నుంచి తెచ్చి ఇక్కడే పెట్టుకున్నాడు. రెండు గదుల ఇంట్లో ఒక మనిషి నోరు ఒక చోట, పళ్ళు ఇంకో చోట ఉంటే ఎక్కడికి పోయి తప్పించుకోవాలి? అన్నం దగ్గర కూర్చుంటే టక్కు టక్కుమని చప్పుడు. మాట్లాడితే కింది వరస లేచి నాలుక మీదికి ఎక్కుతుంది. హనుమంతప్ప దాన్ని నాలుకతోనే తోసి మళ్ళీ కిందికి దించుతాడు. తుమ్మొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఒకసారి మరిచిపోయాడు. ఆ పూట శక్తి భార్య కలైసెల్వి సాంబారు గిన్నె మొత్తం కాలవలో పారబోసి వచ్చి, "మామా, తినేటప్పుడు రొంత చూసుకోండి" అని మాత్రం అంది. ఆమెది పెద్ద మనసు. శక్తికి అంత మనసు లేదు. కన్నతండ్రి అని కూడా చూడకుండా లోపల్లోపల ఛీ ఛీ అనుకున్నాడు.

పైగా అతను పని చేసేది మిషన్లలో నూనె కారకుండా బిగించే రబ్బరు సీళ్ళు తయారుచేసే కంపెనీలో. బెల్టు మీద వచ్చే ప్రతి సీలునూ ట్యూబ్‌లైటు కింద తిప్పి, లాగి చూసి, చిన్న నలక కనబడినా పక్కన పారేయడం అతని ఉద్యోగం. రోజంతా చేతులకు తొడుగులు, తలకు టోపీ, మూతికి గుడ్డ. అలాంటివాడికి ఇంటికొస్తే ఈ గ్లాసు.

అయినా భరించాడు. ప్రేమకొద్దీ భరించానని చెప్పుకోవడానికి అతనికే సిగ్గేసేది. నాయన నోట్లో గట్టి పళ్ళు ఉండాలి. లేకపోతే చౌడమ్మ జాతరలో తన పళ్ళు వాడాల్సి వస్తుంది. అసలు సంగతి అదీ.

అత్తిముగం దాటాక వచ్చే వాళ్ళ పల్లెలో ఏటా ఎండాకాలం చౌడమ్మకు జాతర చేస్తారు. చివరి రోజు గావు పట్టాలి. అంటే, అమ్మ పూనినవాడు మేకపిల్ల గొంతును కత్తి ముట్టకుండా పంటితో కొరకాలి. ఆ పని హనుమంతప్ప వంశానిది. వాళ్ళ తాత పట్టాడు, నాయన పట్టాడు, మీసాలు మొలిచిన నాటి నుంచి హనుమంతప్ప పడుతున్నాడు. పట్టేవాడికి చేతకాకపోతే కొడుకు పట్టాలి. హనుమంతప్పకు ఉన్నది ఒక్కడే కొడుకు.

ఒంట్లో సత్తువకేం లోటు లేదు, హనుమంతప్ప ఇప్పటికీ సిమెంటు మూట భుజానికెత్తుకోగలడు. పోయినవి పళ్ళే. షుగరు ముదిరి చిగుళ్ళు చెడ్డాయి. పళ్ళు ఒక్కొక్కటే వదులై, ఊగి, చీము పట్టి రాలాయి. మిగిలినవాటిని ఆస్పత్రిలో పీకేశారు. చివరి పన్ను పీకిన రోజు హనుమంతప్ప నోట్లో దూది పెట్టుకుని కళ్ళతో నవ్వాడు. మత్తు ఇంకా దిగలేదనుకున్నాడు శక్తి. ఆ నెలలోనే, నాయన వద్దు వద్దంటున్నా వినకుండా, కట్టుడు పళ్ళ సెట్టు చేయించి తెచ్చాడు.

శక్తి చిన్నప్పుడు ఒకే ఒక్కసారి గావును దగ్గర నుంచి చూశాడు. నాయన గడ్డం, మెడ, రొమ్ము అంతా తడి. పళ్ళ సందుల్లో నల్లటి బొచ్చు. ఆ నోటితోనే నాయన "రా నాయినా" అని పిలిస్తే వీడు నిలబడ్డచోటే ఉచ్చ పోసుకున్నాడు. ఆ తర్వాత హనుమంతప్ప మూడు రోజులు ఏమీ తినలేదు. ఒక్కపొద్దు ఉన్నాడని కాళమ్మ అందరికీ చెప్పింది. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆయన కాళ్ళకు మొక్కి వెళ్ళారు. శక్తి ఆనాటి నుంచి మాంసం ముట్టలేదు. పొరుగింట్లో మటన్ ఉడుకుతుంటే కిటికీ మూసుకుంటాడు. మేకపిల్ల గొంతు తన పళ్ళ మధ్య ఉన్నట్టు ఊహించుకుంటే చాలు, వాంతికి ముందు వచ్చే ఆ ఉప్పు నీళ్ళు నోట్లో ఊరి, బయటికి పరుగెత్తాల్సి వచ్చేది.

తెచ్చిన సెట్టేమో అన్నం ముద్దకే ఊగుతోంది. జాతర నెలన్నర ఉందనగా నాయనను వెంటబెట్టుకుని హోసూరులో పళ్ళ డాక్టరు శోభన దగ్గరికి వెళ్ళాడు. చల్లటి గది. లవంగ నూనె వాసన. ఆమె బల్ల మీద రెండు దవడ బొమ్మలు పెట్టి ఓపికగా చెప్పింది.

"ఇది మీరిప్పుడు పెట్టుకొనుండే రకం తాతా. చిగురు మీద ఊరికే కూర్చుంటాది. పైది అంగిలికి అతుక్కుంటాది, పర్వాలేదు. కిందిదానికి పట్టు లేదు, నాలుక కదిలితే లేస్తాది. పోను పోను లోపల ఎముక అరిగి ఇంకా లూజు అయితాది. ఇదేమో ఇంప్లాంటు. ఎముకలోకి స్క్రూలు దింపుతాము. ఎముక వాటిని కరిచి పట్టుకుంటాది. వాటి మీద పళ్ళు బిగిస్తాము. అంగిలి మీద ప్లేటు ఉండదు కాబట్టి తిండి రుచి కూడా తెలుస్తాది. కొరికే బలం దీనికీ దానికీ పోలికే లేదు."

"ఎంత బలముంటాది మేడమ్?" శక్తి ఆత్రంగా ముందుకు వంగాడు.

"తాతకి ఏం తినాలని ఉండాది?"

శక్తి చూపు దవడ బొమ్మల మీదికి తిప్పుకున్నాడు. "మటన్" అన్నాడు.

"బాగా తినొచ్చు. ఎముకలు కొరికేది మాత్రం వద్దు" అని నవ్విందామె.

హనుమంతప్ప స్క్రూల దవడను చేతిలోకి తీసుకుని, పై పళ్ళను గోళ్ళతో లాగి చూస్తున్నాడు. అవి రాలేదు. "వీటిని తీసేదానికి కాదా అమ్మా?"

"తీసే అవసరమే లేదు తాతా. మీ సొంత పళ్ళ మాదిరే. పడుకున్నా లేచినా నోట్లోనే ఉంటాయి. తీయాలంటే మేమే తీయాల."

"అట్లయితే నాకి వద్దు."

"నాయనా, గమ్మునుండు" అన్నాడు శక్తి పళ్ళు కొరుక్కుంటూ. "ఊడకుండా ఉంటే చాలు దేవుడా అని లోకమంతా ఏడుస్తా ఉంటే, ఊడేవి కావాలని అడిగేవాడు నువ్వొక్కడివే."

"తీసేవే కావాల. తీసేదానికి కాకపోతే నా నోట్లో చెయ్యే పెట్టొద్దు."

ముసలితనపు మొండితనం అనుకున్నాడు శక్తి. ఇంత దూరం తీసుకొచ్చింది తన మానం తీయడానికేనా అని ఒళ్ళు మండింది. డాక్టరమ్మ మాత్రం విసుక్కోలేదు. ఇంకో బొమ్మ తీసింది. కింది దవడలో రెండే స్క్రూలు, వాటి మీద చొక్కా టిచ్చుబటన్ల లాంటి గుండ్లు. పళ్ళ సెట్టును వాటి మీద పెట్టి ఒత్తితే టక్కుమని పట్టుకుంది. గట్టిగా లాగితే ఊడి వచ్చింది. పెట్టుకున్నంతసేపూ కదలదనీ, కావాలనుకున్నప్పుడు ఎవరికి వారే తీసుకోవచ్చనీ చెప్పింది.

"తీసి డబ్బాలో పెట్టొచ్చా?" అని అడిగాడు హనుమంతప్ప.

"పెట్టొచ్చు. పెట్టాల కూడా."

"పని అయిన వెంటనే తీసేయొచ్చా?"

"తిన్న వెంటనే తీసి కడుక్కోండి తాతా, ఇంకా మంచిది."

"అయితే ఇది సరే" అని హనుమంతప్ప కుర్చీలో వెనక్కి వాలాడు. ఏ రకమైతేనేం, పట్టు ఉంటే చాలనుకున్నాడు శక్తి. కానీ షుగరు తగ్గితే తప్ప ఎముకను ముట్టుకోనంది డాక్టరమ్మ. తగ్గినా, స్క్రూలు వేసినాక ఎముక కలవడానికి నెలలు పడుతుందట. జాతర అన్నాళ్ళు ఆగదు. ఈలోగా ఉన్న సెట్టుకే లోపల కొత్త పూత వేసి, అతికించుకునే పేస్టు ట్యూబు ఒకటి రాసిచ్చింది. వెళ్ళేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పింది. "ముందు పళ్ళతో ఏదీ కొరకొద్దు తాతా. ముందర ఒత్తితే వెనక లేస్తాది. ముక్కలు చేసుకొని రెండు పక్కలా నమలండి."

అప్పుడైనా శక్తి అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. ఈయన నమలడానికి కాదమ్మా, ముందు పళ్ళతో మేకపిల్ల గొంతు పట్టడానికి అని చెప్పి ఉంటే, ఇది ఆ పనికి వచ్చే వస్తువు కాదని ఆమె ముక్కు మీద వేలేసుకునైనా చెప్పేది. అతను నోరు తెరిచాడు కూడా. తెల్లటి గోడలు, తెల్లటి కోటు, ఆమె శుభ్రమైన వేళ్ళు చూశాక ఆ మాట ఆ గదిలో పలకడానికి నోరు రాలేదు. పేస్టే కాపాడుతుందిలే అనుకుని, నాయన చెయ్యి పట్టుకుని బయటపడ్డాడు.

ఇంటికొచ్చి పరీక్షలు మొదలుపెట్టాడు. కంపెనీలో సీళ్ళను లాగి చూసే అలవాటు కదా. తువ్వాలును తడిపి, తాడులా మెలిపెట్టి, ఒక కొస నాయన నోట్లో పెట్టి కొరకమన్నాడు. రెండో కొస తను పట్టుకుని లాగాడు. మొదట చొంగ కారింది. తర్వాత పేస్టు గులాబీ రంగు తీగలుగా సాగి గడ్డం మీదికి జారింది. వెనక పళ్ళతో కొరికితే సెట్టు నిలిచింది. నిలిచింది కదా అని సంతోషపడి ఇంకోసారి లాగాడు, ఇంకా గట్టిగా. హనుమంతప్ప తల తువ్వాలుతో పాటు ముందుకొచ్చి వెనక్కి పోయింది.

కలైసెల్వి వాకిట్లో నిలబడి చూస్తోంది. "ఏమిటికయ్యా అట్ల లాగతా ఉండావు? ఆయప్ప మనిషా, కుక్కా?"

శక్తి తువ్వాలు వదిలేశాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి మళ్ళీ పట్టుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది గానీ, మేకపిల్ల గొంతు తలుచుకుంటే ఈ అసహ్యమే నయమనిపించింది.

జాతర చివరి రోజు మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. గుడి వెనక గోడ నీడలో హనుమంతప్ప పసుపు పంచె కట్టుకుని, మెడలో వేపమండలు వేసుకుని, గొంతుక్కూర్చుని నోరు తెరిచాడు. శక్తి పేస్టు పిండి, సెట్టును తనే లోపల పెట్టి, వేళ్ళతో ఒత్తి పట్టుకున్నాడు. నాయన నోట్లో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. బోసి చిగుళ్ళు వేళ్ళ కింద మెత్తగా, వేడిగా, జారుడుగా తగిలాయి. మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి బిగబట్టాడు. నాయన మాత్రం కళ్ళు మూసుకోకుండా అతన్నే చూస్తున్నాడు.

తప్పెట్లు మోగాయి. హనుమంతప్పకు పూనకం వచ్చింది. ఊరి పెద్ద చెన్నకేశవ నల్లటి మేకపిల్లను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. జనం చుట్టూ మూగి సెల్లులు పైకెత్తారు. శక్తి అందరికంటే వెనక, అత్తిముగం రోడ్డుకు దగ్గరగా నిలబడ్డాడు. అవసరమైతే ఒక్క పరుగులో రోడ్డెక్కొచ్చు.

హనుమంతప్ప మేకపిల్ల గొంతు మీద ముందు పళ్ళు ఆనించి కొరికాడు. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. ముందర ఒత్తగానే వెనక లేచింది. కింది వరస ఎగిరి పసుపు నీళ్ళ బురదలో పడింది. పై వరస పేస్టుతో సహా మేకపిల్ల మెడ బొచ్చుకు అంటుకుని, అక్కడే వేలాడింది. మేకపిల్ల చిన్న గాయం కూడా లేకుండా మెడ విదిలించి, పళ్ళు ఆడించుకుంటూ "మే" అంది.

ముందు ఒక్కడు నవ్వాడు. తర్వాత ఊరంతా నవ్వింది. తప్పెట్లు ఆగిపోయాయి. పూనకం దిగిపోయిన హనుమంతప్ప లోపలికి పోయిన బుగ్గలతో, మోకాళ్ళ మీద, బురదలో చేతులు ఆడిస్తూ పళ్ళ కోసం వెతుక్కుంటున్నాడు. దొరికిన కింది వరసను బురదతో సహా నోట్లో పెట్టుకోబోయాడు. అది పట్టక జారిపోయింది. ఏళ్ళ తరబడి ఆయన కాళ్ళకు మొక్కినవాళ్ళే కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

"రేయ్ శక్తీ, యాడుండావురా?" చెన్నకేశవ గుంపు మీదుగా కేకేశాడు. "నీ పళ్ళు బాగుండాయి కదరా, వచ్చి పట్టు."

శక్తి కాళ్ళు రోడ్డు వైపే తిరిగాయి. రెండడుగులు వేశాడు కూడా. అప్పుడే గుంపులో ఎవడో సెల్లు సర్దుకుంటూ అరిచాడు. "హనుమంతప్పన్నా, పళ్ళు ఇంగొక తూరి పెట్టుకోన్నా, వీడియో సరిగ్గా రాలేదు."

హనుమంతప్ప తలెత్తాడు. ఆ బోసి నోటిని అరచేత్తో మూసుకున్నాడు.

శక్తి వెనక్కి తిరిగి గుంపును తోసుకుంటూ లోపలికొచ్చాడు. భక్తి లేదు, వంశం గుర్తు రాలేదు. ఆ నవ్వే నోళ్ళు మూయించాలి, అంతే. మేకపిల్ల మెడ నుంచి నాయన పళ్ళు లాగి ఆయన ఒళ్ళో పడేసి, మేకపిల్లను ఎత్తుకున్నాడు. పూనకం వస్తే ఏమీ తెలియదని ఊళ్ళో అంటారు. అతనికి ఏ పూనకమూ రాలేదు. అన్నీ తెలిశాయి. పసుపు చేదు. బొచ్చు. పెదాల కింద గబగబా కొట్టుకుంటున్న నరం. తర్వాత వెచ్చదనం, నోటి నిండా. పళ్ళు ఎంత సులువుగా దిగాయో చూసి అతనికి తన మీద తనకే భయం వేసింది.

నవ్వులు ఆగిపోయాయి. తప్పెట్లు మళ్ళీ మోగాయి. ఆడవాళ్ళు వచ్చి అతని కాళ్ళ మీద పడబోతే తోసుకుని గుడి వెనక ఉన్న కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

కడుపులో ఉన్నదంతా పోయేదాకా కక్కుకున్నాడు. ఉప్పు పెట్టి తోమాడు, వేపపుల్ల నమిలాడు, పుక్కిలించాడు, మళ్ళీ పుక్కిలించాడు. నీళ్ళు తేటగానే వస్తున్నాయి. రుచి మాత్రం పోవడం లేదు. తలెత్తి చూస్తే పక్కన నాయన కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పళ్ళ డబ్బా పెట్టుకుని. పళ్ళు లేని నోటి మాట ఊళ్ళో ఎవరికీ అర్థం కాదు గానీ, శక్తికి అలవాటే.

"మూడు దినాలు కూడు తినలేవు" అన్నాడు హనుమంతప్ప. "నేను మాత్రం తినినానా? ఒక్కపొద్దు కాదురా అది, రోత. ఏం తిన్నా అదే రుచి. ఒక్కపొద్దని మీ అమ్మే అందరికీ చెప్పింది. ఆయమ్మ ఒక్కదానికే తెలుసు."

శక్తి చేతిలో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

"పళ్ళన్నీ పీకేసినప్పుడు తీరిపోయిందిరా దేవుడా అనుకొన్నాను. నువ్వు మళ్ళా తెచ్చి పెట్టినావు. నేను పట్టకపోతే నీ మెడకి పడతాదని నాకి మాత్రం తెలీదా? సరే, తీసేవైతే కొరికిన వెంటనే తీసి ఆడనే పెట్టేయొచ్చు, ఆ నోరు ఆడ, తినే నోరు ఈడ అనుకొన్నాను. అందుకే డాక్టరమ్మని అట్ల అడిగినాను."

శక్తికి ఆ గదిలో తను కొరుక్కున్న పళ్ళు గుర్తొచ్చాయి. తువ్వాలుతో పాటు ముందుకూ వెనక్కూ ఊగిన తల గుర్తొచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాడు గానీ, ఆ నోటితో ఏ మాటా బయటికి తేబుద్ధి కాలేదు.

హనుమంతప్ప కుళాయి తిప్పి, పళ్ళ సెట్టును నీటి ధార కింద పెట్టి, బొటనవేలితో రుద్దాడు. బురద పోయింది. సందులో ఇరుక్కున్న నల్లటి బొచ్చు ఒక్కటి కొట్టుకుపోయింది. పళ్ళు తెల్లగా మెరిశాయి. వాటిని డబ్బాలో పెట్టి మూత నొక్కాడు. తర్వాత కొడుకు వైపు జాలిగా చూశాడు.

శక్తి నాలుకను తన పళ్ళ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ వదులుగా లేదు. బొటనవేలు పెట్టి ముందు పన్నును గట్టిగా ఒత్తి చూశాడు. అది కదల్లేదు.